వైన్‌లో రంగు సగం నిజమే చెబుతుంది, రమ్ములో అదీ చెప్పదు

ఒకటి ద్రాక్ష, ఇంకోటి చెరకు, ఒకటి పులియబెట్టి ఆపేసేది, ఇంకోటి పులిశాక బట్టీ పెట్టేది, రెండిటి గురించీ ఒకేచోట రాయడమేంటి అనుకోవచ్చు. నిజమే, కానీ కొత్తగా మొదలుపెట్టేవాళ్లు రెండింటి దగ్గరా చేసే పొరపాటు ఒక్కటే. సీసా రంగు చూసి లోపలేముందో తేల్చేస్తారు, ముదురుగా ఉంటే ఘాటు, లేతగా ఉంటే లైటు అని. నేనూ చాలాకాలం అదే బాపతు. నల్లగా నిగనిగలాడే రమ్ము ఒకటి దొరికితే పీపాలో ఏళ్ల తరబడి మాగింది కాబోలనుకుని దాచుకుని మరీ అపురూపంగా తాగాను, తీరా తెలిసిందేంటంటే ఆ నలుపులో ఎక్కువ భాగం మాడ్చిన చక్కెరది.

ముందు వైన్. ఒక నల్లద్రాక్షను నలిపి చూడండి, లోపల గుజ్జుకి రంగే ఉండదు (ఎక్కడో కొన్ని రకాలు తప్ప). రంగంతా తొక్కలోనే. రసాన్ని తొక్కలతో కలిపి పులియబెడితే రెడ్ వైన్, తొక్కల్ని కొన్ని గంటలే ఉంచి తీసేస్తే రోజే, పిండగానే పక్కన పడేస్తే నల్లద్రాక్షతో కూడా వైట్ వైనే వస్తుంది. షాంపేన్‌లో ప్రధానంగా వాడే మూడు రకాల్లో రెండు నల్లద్రాక్షలే అంటే చాలామంది నమ్మరు. తొక్కలూ గింజల నుంచి టానిన్ కూడా దిగుతుంది. టానిన్ అంటే పెద్ద బ్రహ్మవిద్యేం కాదు, వగరు. టీ ఆకు మరీ ఎక్కువసేపు నానితే నాలుక బిగుసుకుపోయినట్టు ఉంటుందే, అదే. రకాల పేర్లు బట్టీయం వేసే ముందు ఈ వగరు, పులుపు, నోట్లో బరువు, ఈ మూడిటినీ విడివిడిగా పట్టుకోవడం నేర్చుకుంటే సగం పని అయిపోయినట్టే. పులుపు ఎంతుందో తెలియాలంటే గుక్క మింగాక నోట్లో నీళ్లు ఎంతగా ఊరుతున్నాయో చూసుకోండి. వగరైతే చిగుళ్లు ఆరిపోయినట్టు చేస్తుంది.

ఎర్రవాటిలో కాబర్నే సావిన్యాన్‌తో మొదలుపెట్టమంటాను. చిన్న పండు, మందపాటి తొక్క, అందుకే ముదురు రంగూ గట్టి వగరూ. దానికితోడు సరిగ్గా పండని పంటైతే పచ్చి క్యాప్సికమ్ వాసన వస్తుంది. ఈ వాసన వెనక కథ నాకు భలే ఇష్టం. కాబర్నే సావిన్యాన్ తల్లిదండ్రులు ఎవరని డీఎన్ఏ పరీక్షలు చేస్తే, కాబర్నే ఫ్రాంక్ అనే నల్లద్రాక్ష, సావిన్యాన్ బ్లాంక్ అనే తెల్లద్రాక్ష అని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం డేవిస్ పరిశోధకులు 1997లో తేల్చారు. ఇంత నల్లటి పండుకి తెల్లద్రాక్ష ఒక వైపు చుట్టమన్నమాట. సావిన్యాన్ బ్లాంక్ తాగి చూడండి, ఆ పచ్చి వాసన అక్కడా ఉంటుంది. మెర్లో దీనికన్నా మెత్తగా, కొంచెం గుండ్రంగా ఉంటుంది, వగరంటే బెదిరేవాళ్లకి అదే మంచి మొదలు. చిలీలో చాలాకాలం మెర్లో అనుకుని పెంచిన తీగల్లో చాలా వరకు నిజానికి కార్మెనేర్ అని 1994లో బయటపడింది, పండించేవాళ్లే పోల్చుకోలేకపోయారంటే మనం ఒకటీ అరా పొరబడితే సిగ్గుపడక్కర్లేదు.

పినో నువార్ తొక్క పల్చన, రంగు లేత, వగరు తక్కువ, పులుపు బాగానే ఉంటుంది, స్ట్రాబెర్రీ, చెర్రీ లాంటి వాసనలు. సరే, రంగు లేతగా ఉంటే మెతకే కదా అని ఇక్కడ సూత్రం కట్టేసుకున్నారో, ఇటలీ నెబ్బియోలో మీ చెంప పగలగొడుతుంది. బరోలో అనే పేరున్న వైన్ చేసే ద్రాక్ష అదే. చూడ్డానికి పినోలాగే పల్చగా ఉండి నోట్లో పెడితే పళ్లు జివ్వుమనేంత వగరూ పులుపూ. సిరా, షిరాజ్ రెండూ ఒకటే, ఫ్రాన్స్ రోన్ లోయలో ఒక పేరు, ఆస్ట్రేలియాలో ఇంకో పేరు. దాంట్లో మిరియాల వాసన వస్తే అది మీ ఊహ కాదు, రోటండోన్ అనే పదార్థం మిరియాల్లోనూ ఈ ద్రాక్ష తొక్కలోనూ ఉంటుంది. మాల్బెక్ ఫ్రాన్స్‌లో పుట్టి అర్జెంటీనాలో పేరు తెచ్చుకుంది, ముదురు రంగు, పెద్దగా పేచీ పెట్టని రకం.

తెల్లవాటిలో షార్డనే దగ్గర కాసేపు ఆగాలి. దానికి సొంత వాసన పెద్దగా లేదు, తయారుచేసేవాడు ఎలా మలిస్తే అలా అవుతుంది. ఫ్రాన్స్‌లోని చల్లటి షాబ్లీ ప్రాంతంలో ఓక్ చెక్క పెద్దగా తగలకుండా చేస్తే ఆకుపచ్చ ఆపిల్‌లా కరకరలాడుతుంది. అదే షార్డనేని ఓక్ పీపాలో ఉంచి, పదునైన మాలిక్ ఆమ్లాన్ని బ్యాక్టీరియాతో మెత్తటి లాక్టిక్ ఆమ్లంగా మారనిస్తే వెన్న వాసన, వెనిలా, నోట్లో బరువు. “నాకు షార్డనే పడదు” అనేవాళ్లకి సాధారణంగా పడనిది ఓక్, ద్రాక్ష కాదు. రీస్లింగ్ పులుపులో మొనగాడు, తియ్యటి రకమైనా ఆ పులుపు వల్ల మొహం మొత్తదు, వయసొచ్చేకొద్దీ పెట్రోల్ వాసన వేస్తుంది. పాడైపోయిందని పారబోయకండి. ఇంకోటి, వయసుతో రెడ్ వైన్ రంగు పలచబడి ఇటుక రంగులోకి దిగుతుంది, వైట్ వైన్ ముదిరి బంగారు రంగుకొస్తుంది.

లేబుల్ సంగతి: యూరప్‌లో చాలాచోట్ల ద్రాక్ష పేరు కాకుండా ఊరి పేరు రాస్తారు. షాబ్లీ అంటే షార్డనే, తెల్ల సాన్సేర్ అంటే సావిన్యాన్ బ్లాంక్, ఎర్ర బర్గండీ అంటే దాదాపు ఎప్పుడూ పినో నువార్. ముందు ఈ మూడు గుర్తుంటే చాలు.

ఇక రమ్ము. ఇక్కడ వైట్, గోల్డ్, డార్క్ అని అట్టమీద ఉన్న మాటల్ని పక్కన పెట్టేయండి. పీపాలోంచి దిగిన రంగుని బొగ్గుతో వడకట్టి తీసేసిన తెల్లరమ్ములున్నాయి, కుర్ర రమ్ములో క్యారమెల్ కలిపి నల్లగా చేసినవీ ఉన్నాయి. వాటి బదులు మూడు ప్రశ్నలు వేయండి: దేనితో చేశారు, దేంట్లో కాచారు, ఎంతకాలం మాగింది.

దేనితో అంటే, ఎక్కువ రమ్ములు చక్కెర తీయగా మిగిలిన మొలాసిస్‌తో చేసినవే. తాజా చెరకు రసంతో చేస్తే రమ్ అగ్రికోల్, మార్టినీక్ దీవి దానికి పెట్టింది పేరు, 1996 నుంచి ఫ్రెంచ్ ఏఓసీ హోదా (ఫలానా చోట, ఫలానా పద్ధతిలో చేసిందని ప్రభుత్వమిచ్చే గుర్తింపు) కూడా ఉంది. పచ్చిగడ్డి కోసినప్పటి వాసన, తీపి తక్కువ, మొదటిసారి తాగినవాళ్లు ఇది రమ్మేనా అని అడుగుతారు.

దేంట్లో కాచారన్నది అన్నిటికన్నా ముఖ్యం, కానీ అట్టమీద అదే సరిగ్గా రాయరు. కాలమ్ స్టిల్ అంటే ఎత్తైన గొట్టం, నిరంతరంగా నడుస్తుంది, తేలికైన శుభ్రమైన రమ్ము వస్తుంది. 1862లో క్యూబాలో మొదలైన బకార్డీతో పేరొచ్చిన స్పానిష్ తరహా ఇదే, మొజీతో, డైకిరీ లాంటి కాక్‌టెయిళ్లలోకి హాయిగా కలిసిపోతుంది. పాట్ స్టిల్ అంటే కుండలాంటి రాగి బట్టీ, ఒక్కో వాయిగా కాస్తారు, వాసనలన్నీ అందులోనే ఉండిపోతాయి. జమైకాలో కొందరు ఇంకా ముందుకెళ్లి రోజుల తరబడి పులియబెడతారు, ముందు వాయిలో మిగిలిన మడ్డిని కూడా కలుపుతారు, దాన్ని డండర్ అంటారు. ఫలితం మిగలముగ్గిన అరటిపండు, అనాస, కాస్త జిగురు వాసన. వాసనిచ్చే ఎస్టర్లు అక్కడ 100 లీటర్ల శుద్ధ ఆల్కహాల్‌కి 1,600 గ్రాముల దాకా పోనిస్తారు. రంగు చూస్తే నీళ్లలా ఉంటుంది, మూత తీస్తే గది నిండిపోతుంది! బార్బడోస్‌లో పాట్, కాలమ్ రెండూ కలిపి మధ్యస్థంగా చేస్తారు, మొదటి సీసాకి నా ఓటు దానికే. గయానా డెమెరారా రమ్ముల్లో కొన్ని ఇప్పటికీ చెక్కతో చేసిన పాత బట్టీల్లో కాస్తారు.

వయసు దగ్గర జాగ్రత్త. జమైకా, బార్బడోస్ రమ్ముల మీద 12 అని ఉంటే అందులో అన్నిటికన్నా చిన్నది 12 ఏళ్లది. సొలేరా పద్ధతిలో, అంటే పాత రమ్ము పీపాల్లోకి కొత్తది కలుపుతూ పోయే పద్ధతిలో చేసిన కొన్నిటి మీద అంకె మాత్రం అన్నిటికన్నా పెద్దదానిది కావొచ్చు, మిగతాదంతా కుర్రదే అయినా.

రుచి చూసేటప్పుడు ఒకేసారి మూడు గ్లాసులు చాలు, ఒక్కోదాంట్లో గుటకెడు. వైట్ వైన్ 8 నుంచి 12 డిగ్రీలు, రెడ్ 15 నుంచి 18 డిగ్రీల చల్లదనంలో ఉండాలి, రమ్ముకి ఐస్ వద్దు. రమ్ము వాసన చూడ్డానికి ముక్కు గ్లాసులోకి దూర్చకండి, నోరు కొద్దిగా తెరిచి దూరం నుంచి పీల్చండి, ఘాటెక్కువైతే రెండు చుక్కలు నీళ్లు. ఉమ్మేయడానికి పక్కన ఒక గిన్నె పెట్టుకోండి, నామోషీ ఏం లేదు, వృత్తిగా రుచి చూసేవాళ్లందరూ ఉమ్మేసేవాళ్లే. వీలైతే ఎవరినైనా గ్లాసుల వరస మార్చమని, కళ్లు మూసుకుని చూడండి, రంగు మాట అప్పుడు చెవికెక్కదు.

రమ్ము గ్లాసులు మాత్రం ఆ రాత్రి కడగొద్దు. పొద్దున్నే ఒక్కోటీ వాసన చూడండి, పీపాలో మాగినదైతే చెక్క, పొగాకు, వెనిలా వాసన ఇంకా ఉంటుంది. తర్వాత అడుగున వేలు పెట్టి చూడండి. యూరోపియన్ యూనియన్ నిబంధనలే లీటరుకి 20 గ్రాముల దాకా తీపి కలపనిస్తాయి, కాబట్టి వేలు బాగా జిగటగా అంటుకుందంటే కారణం ఊహించొచ్చు. నేను దాచుకుని తాగిన ఆ నల్ల రమ్ము గ్లాసైతే బల్లకి అతుక్కుపోయింది.