పికిల్‌బాల్ ప్యాడిల్‌కు హ్యాండిల్ ఎంత పొడవుండాలి? ఎలా తేల్చుకోవాలి?

ప్యాడిల్ (పికిల్‌బాల్ ఆడే బ్యాట్) కొనేటప్పుడు అందరూ బరువు చూస్తారు. కార్బన్ ఫైబరా, ఫైబర్‌గ్లాసా అని అడుగుతారు. రంగు దగ్గర అరగంట ఆలోచిస్తారు. హ్యాండిల్ పొడవు మాత్రం చాలామందికి పట్టదు. పట్టించుకున్నవాళ్లేమో "నేను పొడుగు కదా, పొడుగు హ్యాండిలే తీసుకుంటా" అంటారు. ఎత్తుకూ దీనికీ పెద్దగా సంబంధం లేదు. బ్యాక్‌హ్యాండ్ ఒంటిచేత్తో కొడతారా, రెండు చేతులతోనా? పట్టుకున్నప్పుడు చూపుడువేలు ఎక్కడ ఉంటుంది? ఈ రెండూ తెలిస్తే సగం పని అయిపోయినట్టే.

1. పొడవు ఎక్కడి నుంచి వస్తుందో చూడండి

అమెరికాలో ఈ ఆటను నడిపే సంస్థ యూఎస్ఏ పికిల్‌బాల్ నియమాల ప్రకారం ప్యాడిల్ పొడవు, వెడల్పు కలిపి 24 అంగుళాలు దాటకూడదు. పొడవు ఒక్కటే 17 అంగుళాలు మించకూడదు. హ్యాండిల్ కూడా ఈ లెక్కలోదే. కాబట్టి హ్యాండిల్ పెరిగిందంటే మరోచోట తగ్గాల్సిందే. 16.5 అంగుళాల ప్యాడిల్‌కు 5 అంగుళాల హ్యాండిల్ ఉంటే బంతి కొట్టే పలక 11.5 అంగుళాలు మిగులుతుంది. హ్యాండిల్ 6 అయితే పలక 10.5కి దిగుతుంది. పోనీ మొత్తం పొడవు పెంచుదామంటే వెడల్పు తగ్గించుకోవాలి. అందుకే పొడుగు ప్యాడిళ్లు సన్నగా కనిపిస్తాయి. బంతి సరిగ్గా మధ్యలో తగలని కొత్తవాళ్లకు ఆ వెడల్పే అవసరం.

2. మీరు ఏ ఆట నుంచి వచ్చారు?

టేబుల్ టెన్నిస్ ఆడినవాళ్ల చూపుడువేలు దానంతటదే పలక మీదకి వెళ్లిపోతుంది. చెయ్యి పైకి జరిగిపోతుంది కాబట్టి కింద పొడుగ్గా మిగిలిన పిడితో వాళ్లకు పని లేదు. 5 అంగుళాల లోపు చాలు.

టెన్నిస్‌లో రెండు చేతుల బ్యాక్‌హ్యాండ్ అలవాటైనవాళ్లు 5.5 అంగుళాలకు తగ్గకుండా చూసుకోవాలి. ప్రపంచ స్థాయి క్రీడాకారిణి అన్నా లీ వాటర్స్ ఆట వీడియోలు చూస్తే ఆ రెండో చెయ్యి ఎంత పని చేస్తుందో అర్థమవుతుంది.

మన దగ్గర ఎక్కువమంది వచ్చేది షటిల్ నుంచి. మణికట్టు తిప్పి కొట్టే అలవాటు, ఒంటిచేతి ఆట. వీళ్లకు 5 నుంచి 5.25 మధ్య సరిపోతుంది. షటిల్ రాకెట్‌తో పోలిస్తే పొట్టిగా అనిపిస్తుంది కానీ, నాలుగు రోజులు ఆడితే ఆ తేడా మర్చిపోతారు.

3. చేతిని కొలవండి

టైలరు టేపుతో అరచెయ్యి వెడల్పు కొలవండి, బొటనవేలు వదిలేసి. పెద్దవాళ్లకు సుమారుగా 3 నుంచి 3.5 అంగుళాలు వస్తుంది. రెండు చేతులూ పక్కపక్కన పెడితే ఆరు దాటుతుంది కదా, మరి 5.5 ఎలా చాలుతుంది? పైచేతి చూపుడువేలు పలక మొదలు మీదకి వెళ్తుంది కాబట్టి. నమ్మకం లేకపోతే షాపులోనే పట్టుకుని చూడండి. కుడిచేతివాటం వాళ్లకు కుడిచెయ్యి కింద, ఎడమచెయ్యి పైన. కింది చేతి చిటికెనవేలు పిడి చివర దాటి గాల్లో ఉన్నా, పైచేతి రెండు మూడు వేళ్లు పలక అంచు మీద ఇరుక్కున్నా ఆ హ్యాండిల్ మీకు పొట్టిదే.

ఇక్కడ ఒక తిరకాసు ఉంది. ఆన్‌లైన్‌లో "గ్రిప్ సైజు 4.25" అని రాసి ఉంటే అది పిడి చుట్టుకొలత, పొడవు కాదు. పొడవు "హ్యాండిల్ లెంగ్త్" అని విడిగా ఉంటుంది. అది ఇవ్వకపోతే అమ్మేవాళ్లని అడగండి.

4. కోర్టులో పరీక్షించండి

ఇద్దరు ముగ్గురు స్నేహితుల ప్యాడిళ్లు అడిగి, ఒక్కోదానితో కాసేపు ఆడండి. సర్వీసు కొట్టి మార్కులు వెయ్యకండి, సర్వీసుకు ఏదైనా బాగానే ఉంటుంది. కిచెన్ లైన్ (నెట్‌కు దగ్గరగా, నెట్‌కు సమాంతరంగా ఉండే గీత) దగ్గర నిలబడి ఎదుటివాళ్లను పొట్టకి సూటిగా, వేగంగా కొట్టమనండి. ప్యాడిల్ సమయానికి తిరుగుతోందా, లేక అడ్డం పడుతోందా? పిడి కింద పట్టుకుంటే పలక బరువు చేతికి దూరమై ప్యాడిల్ బరువుగా ఊగుతుంది. దెబ్బకు బలం వస్తుంది, చురుకుదనం తగ్గుతుంది. డబుల్స్‌లో ఎక్కువ సేపు నెట్ దగ్గరే ఉండేవాళ్లకు నా ఓటు చురుకుదనానికే.

5. ఎటూ తేలకపోతే

5.25 దగ్గర ఆగండి. రెండు చేతుల బ్యాక్‌హ్యాండ్ నేర్చుకుంటున్నవాళ్లు మాత్రం 5.5 తీసుకోండి. పొడుగు పిడిని పైకి జరిపి పట్టుకోవచ్చు, పొట్టిదాన్ని సాగదీయలేం. ఓవర్‌గ్రిప్ (పిడి మీద అదనంగా చుట్టే పట్టీ) చుట్టినా లావు పెరుగుతుందే తప్ప పొడవు పెరగదు. ఆన్‌లైన్‌లో తెప్పించుకుంటే రిటర్న్ షరతులు చదివి, పిడి మీద ప్లాస్టిక్ తీయకుండానే రెండు చేతులతో పట్టి చూసుకోండి. ఒకసారి ఆడాక చాలాచోట్ల వెనక్కి తీసుకోరు.