దసరా సెలవుల్లో హనోయ్ వెళ్తున్నారా? బైక్ తాళం ముట్టుకోకండి

మా వాట్సాప్ గ్రూపులో మళ్ళీ అదే రకం మెసేజ్ తిరుగుతోంది. వియత్నాం కొండదారిలో అద్దె బైక్ మీంచి పడి, హనోయ్ ఆస్పత్రిలో ఉన్న మన కుర్రాడి కోసం చందాలు అడుగుతున్నారు. ప్రయాణ బీమా ఉంది. క్లెయిమ్ మాత్రం తిరస్కరించారు. కారణం ప్రతిసారీ ఒకటే: చెల్లే లైసెన్సు లేదు.

ఊళ్ళో తిరగడం

1010లో లీ థాయ్ తో రాజు థాంగ్ లాంగ్ పేరుతో రాజధాని చేసుకున్న ఊరిది. 1802లో న్గుయెన్ రాజులు రాజధానిని హ్యూకి మార్చినా, 1945లో హో చి మిన్ స్వాతంత్ర్యం ప్రకటించింది ఇక్కడి బాదిన్ మైదానంలోనే. ఆ మైదానం, పక్కన పాత కోట, 1070 నాటి టెంపుల్ ఆఫ్ లిటరేచర్, హోవాన్ కీమ్ సరస్సు, పాత బజారు వీధులు అన్నీ దగ్గర దగ్గరే. ఓపికుంటే నడవొచ్చు, లేకపోతే గ్రాబ్ యాప్‌లో కారు బుక్ చేసుకోవచ్చు (మన ఓలా, ఉబర్ లాంటిదే). హో చి మిన్ సమాధి మందిరానికి పొద్దున్నే వెళ్ళాలి. సోమ, శుక్రవారాలు సెలవు. ఇందులో దేనికీ బైక్ అక్కర్లేదు.

బైక్

ఆర్టీవో ఆఫీసులో తీసుకున్న ఇంటర్నేషనల్ పర్మిట్ ఉందిగా అంటారు. అది 1949 జెనీవా ఒప్పందం కింద ఇచ్చేది. వియత్నాం ఒప్పుకునేది 1968 వియన్నా ఒప్పందం పర్మిట్‌ని. మన దేశం అందులో లేదు. కాబట్టి అక్కడ దొరికే మామూలు స్కూటర్ నడిపినా మీకు లైసెన్సు లేనట్టే లెక్క. పోలీసు ఆపితే జరిమానా కట్టి బయటపడతారు. పడి కాలు విరిగితే మాత్రం, లైసెన్సు లేకుండా నడిపారు కనుక బీమా కంపెనీ తప్పుకుంటుంది, బిల్లు మీదే. ఎదుటివాడికి దెబ్బ తగిలితే కేసు కూడా మీదే.

అద్దె షాపువాడు ఇవేమీ చెప్పడు. లైసెన్సు చూపించమని కూడా అడగడు, తాళం చేతిలో పెడతాడు. వాడు ఇచ్చాడు కదా అని తీసుకోవద్దు. హైదరాబాద్ ట్రాఫిక్‌లో ఇరవయ్యేళ్ళు నడిపినవాళ్ళకీ ఇదే మాట.

అక్టోబరు, నవంబరుల్లో హనోయ్‌కి ఉత్తరాన ఉన్న హాజాంగ్ కొండల్లో బక్‌వీట్ పూలు పూస్తాయి. అందరికీ ఆ రీల్సే టెంప్టేషన్. వెళ్ళండి, తప్పక చూడాల్సిన చోటే. కానీ స్థానిక డ్రైవర్ నడిపే బండి వెనక కూర్చోండి, లేదా కారు మాట్లాడుకోండి.

మిగతావి

ఈ-వీసాలో పేరు పాస్‌పోర్టులో ఉన్నట్టే అక్షరం తేడా లేకుండా ఉండాలి. మన ఇంటిపేర్లతోనే ఎక్కువ తంటా, సబ్మిట్ కొట్టేముందు ఇంకొకరి చేత చదివించండి. 20 వేల డాంగ్ నోటు, 5 లక్షల డాంగ్ నోటు రెండూ నీలమే. సున్నాలు లెక్కపెట్టి ఇవ్వండి. రోడ్డు దాటేటప్పుడు ఒకే వేగంతో నడవండి. పరిగెత్తొద్దు, వెనక్కి అడుగు వేయొద్దు. బైకులవాళ్ళు మీ నడకను బట్టే పక్కకి తప్పుకుంటారు. శాకాహారులు ‘అన్ చాయ్’ అని చెప్పాలి, కూరగాయల వంటకంలోనూ చేపల సాస్ పోస్తారు. ఇళ్ళ మధ్య నుంచి రైలు వెళ్ళే ట్రైన్ స్ట్రీట్ అనే సందులో పట్టాల మీద సెల్ఫీ వద్దు. ఈ-సిగరెట్లు తీసుకెళ్ళొద్దు, నిషేధం. సీసా మీద లేబుల్ లేని నాటుసారా ఎవరు పోసినా తాగొద్దు.

తుఫాన్ల కాలం ఇంకా అయిపోదు. హాలాంగ్ అఖాతంలో పడవ షికారు రద్దు చేస్తే టికెట్ డబ్బుల కోసం గొడవపడి ఎక్కొద్దు. 2025 జులైలో ఉన్నట్టుండి వచ్చిన గాలివానకు అక్కడ పర్యాటకుల పడవ తిరగబడి 30 మందికి పైగా చనిపోయారు. ఉక్కగా ఉన్నా లైఫ్ జాకెట్ విప్పొద్దు. కొండచరియలు పడ్డాయని దారి మూస్తే వెనక్కి రండి.

పాస్‌పోర్టు ఎవరి దగ్గరా తాకట్టు పెట్టొద్దు. బైక్ షాపులో అస్సలు పెట్టొద్దు, మీరు అక్కడికి వెళ్ళే పనే లేదు. స్నేహితుడు తీసుకున్న బైక్ వెనక కూర్చోవద్దు, వాడికీ లైసెన్సు లేదు. ‘సందు చివరిదాకే’ అన్నా వద్దు. హెల్మెట్ ఉందన్నా వద్దు. అంబులెన్స్ 115, పోలీసు 113, భారత ఎంబసీ నంబరు — విమానం ఎక్కకముందే ఫోన్లో వేసుకోండి.