ఉగాండా పల్లెకి సేవకి వెళ్తున్నారా? "ప్రార్థనలో పెడదాం" అనొద్దు

మొన్న రాత్రి ఉగాండా నుంచి మన గాజువాక తమ్ముడొకడు ఫోన్ చేసి ఏడ్చినంత పని చేశాడు. వెళ్ళి ఇంకా మూడు వారాలే. "అన్నా, బోరు వేయిస్తానని నేనెప్పుడూ అనలేదన్నా, వీళ్ళు స్థలం కూడా చూసేశారు" అంటాడు. నాకు నవ్వూ కోపమూ కలిపి వచ్చాయి, ఎందుకంటే ఆరేళ్ళ కిందట మసాకా వైపు పల్లెలో నేనూ ఇదే గోతిలో పడ్డాను. వచ్చే నెల ఇంకో టీమ్ బయల్దేరుతోంది కదా, వాళ్ళైనా చదువుతారని రాస్తున్నా.

టికెట్లు, సామాన్లు, ఎవరు ఏ గదిలో ఉంటారు లాంటివి మీ చర్చివాళ్ళే చెప్తారు. ఒక్క టీకా సంగతి మాత్రం నేను చెప్తాను. ఎల్లో ఫీవర్ టీకా ప్రయాణానికి కనీసం 10 రోజుల ముందు వేయించుకోవాలి. ప్రతి ఆసుపత్రిలోనూ వేయరు, ప్రభుత్వం గుర్తించిన సెంటర్లలోనే వేస్తారు. టీకా వేశాక ఇచ్చే కార్డు వీసా దరఖాస్తుకి కావాలి, అది లేకుండా తిరిగొస్తే మన ఎయిర్‌పోర్టులో పట్టుకుని 6 రోజుల దాకా క్వారంటైన్‌లో పెడతారు. ఒక్కసారి వేయించుకుంటే జీవితాంతం చెల్లుతుంది. మలేరియా మాత్రలు ఇంటికి వచ్చాక కూడా డాక్టరు చెప్పినన్ని రోజులు వేసుకోండి. వచ్చాక జ్వరం తగిలితే ఫలానా దేశం నుంచి వచ్చానని డాక్టరుకి ముందే చెప్పండి. సరే, ఇక అసలు సంగతి.

మనం ఎవరినీ మొహం మీద కాదనలేం. "చూద్దాంలే" అంటాం. చర్చిలో పెరిగినవాళ్ళమైతే ఇంకాస్త మర్యాదగా "ప్రార్థనలో పెడదాం", "దేవుని చిత్తమైతే చేద్దాం" అంటాం. మద్దిలపాలెంలో ఆ మాట విన్నవాడికి ఇది అయ్యే పని కాదని వెంటనే తెలిసిపోతుంది. మసాకా పల్లెలో తెలియదు. సముద్రం దాటి వచ్చిన అతిథి, పైగా దేవుడి పేరెత్తి చెప్తున్నాడు, ఇంకేం, ఒప్పుకున్నట్టే.

నాకేమైందంటే, రెండో వారంలో హెడ్మాస్టరుగారు తరగతి గది చూపించారు. రేకులు తుప్పుపట్టి చిల్లులు పడ్డాయి, వానొస్తే పిల్లలంతా ఒక మూలకి జరుగుతారట. మీ చర్చి ఏమైనా చేయగలదా అని అడిగారు. ప్రార్థన చేసి చూద్దాం సార్ అన్నాను. ఆదివారం ఆరాధనలో ఆయన లేచి వాళ్ళ భాష లుగాండాలో ఏదో చెప్పారు, అందరూ చప్పట్లు కొట్టారు, నేనూ గట్టిగా కొట్టాను. పక్కనున్న కుర్రాడు అప్పుడు చెవిలో చెప్పాడు, ఇండియా నుంచి వచ్చిన బ్రదర్ రేకులు వేయిస్తున్నాడట, చప్పట్లు నాకేనట. బయటికి రాగానే ఒక పెద్దావిడ కాళ్ళు కట్టిన కోడిని తెచ్చి నా చేతిలో పెట్టింది. నా దగ్గర ఉన్నవి దారి ఖర్చులు మాత్రమే. నిజం చెప్పడానికి నాకు నాలుగు రోజులు పట్టింది. ఆయన తిట్టలేదు. "కాలే" అన్నారు, అంటే సరే అని. ఆ తర్వాత స్కూలు గురించి నాతో మళ్ళీ ఎప్పుడూ మాట్లాడలేదు.

ఇందులో వాళ్ళ తప్పేముంది? 1972లో ఇదీ అమీన్ 90 రోజుల గడువు పెట్టి మనవాళ్ళని దేశం నుంచి తరిమేశాడు, తర్వాత కొందరు తిరిగొచ్చి షాపులు, చక్కెర ఫ్యాక్టరీలు నడుపుతున్నారు. పల్లెలో పిల్లలు మిమ్మల్ని చూసి "ముయిందీ" అని అరిస్తే ఇండియా వాడని అర్థం, డబ్బున్నవాడని కూడా. మీరు బస్సు పాసు మీద చదువుకున్నారని వాళ్ళకేం తెలుసు.

నా చిన్నప్పుడు మా చర్చికి వచ్చిన ఒక దొరగారు నాతో ఫోటో దిగి, కాపీ పంపిస్తానన్నారు. పోస్ట్‌మ్యాన్ కనబడినప్పుడల్లా అడిగేవాణ్ణి, చాలా ఏళ్ళు. శుష్కప్రియాలు శూన్యహస్తాలు అని మా అమ్మ ఎందుకనేదో అప్పుడు అర్థం కాలేదు.

కాబట్టి రెండు మాటలు నేర్చుకుని వెళ్ళండి. "నెద్దా" అంటే కాదు, లేదు. "సిరినా" అంటే నా దగ్గర లేదు. నవ్వుతూనే చెప్పండి, కానీ చెప్పండి. ముందు పలకరించాలి, ఇంట్లోవాళ్ళ క్షేమం అడగాలి, తర్వాతే అసలు మాట. హడావుడిగా విషయంలోకి దిగితే మొరటుగా ఉంటుంది. డబ్బు సంగతి ఎవరు ఎత్తినా అక్కడి పాస్టరుగారిని, ఇక్కడి కమిటీని మాట్లాడుకోమనండి, మధ్యలో మీరు దూరొద్దు. బూట్లు వదిలేసి వెళ్తా, ఫోన్ ఇచ్చేస్తా లాంటి మాటలు కూడా వద్దు బాబూ, ఒకడికిస్తే తొమ్మిదిమంది అడుగుతారు.

మిగతావి పెద్ద కష్టం కాదు. పోషో అంటే మొక్కజొన్న పిండి ముద్ద, సంకటి తిన్నవాడికి కొత్తేం కాదు. మటోకే అంటే ఉడికించిన పచ్చి అరటికాయ, చప్పగా ఉంటుంది, నాలుగో రోజుకి నచ్చుతుంది. లుగాండాలో గంటలు పొద్దున్న ఆరు నుంచి లెక్కపెడతారు, ఏడయితే వాళ్ళకి ఒంటిగంట, అందుకే మీటింగ్ ఎన్నింటికో రెండుసార్లు అడగండి. విక్టోరియా సరస్సు చూసి రుషికొండ గుర్తొచ్చి దిగిపోకండి, ఆ నీళ్ళలో బిల్హార్జియా పురుగు చర్మంలోంచి లోపలికి పోతుంది.

భయపెట్టేశానా? ఏం కాదులే, వెళ్ళండి. ఆ గాజువాకవాడు నేను తిట్టాక మర్నాడు పొద్దున్నే పెద్దల దగ్గరికి వెళ్ళి నా చేతిలో లేదని చెప్పేశాడు. వాళ్ళు కాసేపు మాట్లాడలేదట, తర్వాత ఒకాయన, పోనీ లెక్కలైనా చెప్తావా అన్నాడట. ఇప్పుడు ఆరో తరగతికి భిన్నాలు చెప్తున్నాడు. రాత్రి మెసేజ్ పెట్టాడు, నాకంటే వాళ్ళే తొందరగా చేస్తున్నారన్నా అని.

అన్నట్టు, ఆవకాయ సీసాకి కవర్లు రెండు పొరలు చుట్టండి. నాది కారి బైబిల్లో కీర్తనలన్నీ ఎర్రబడ్డాయి.