పిల్లికి షుగర్ పైకీ కిందకీ ఊగుతుంటే

పొద్దున 400, మధ్యాహ్నం 70, రాత్రికి మళ్లీ 380. ఇలా కనిపించగానే ఇన్సులిన్ డోసు పెంచేయకండి, ముందు సిరంజి చూడండి. సీసా మీద మి.లీ.కి 100 యూనిట్లని ఉండి, చేతిలో ఎర్ర మూత 40 సిరంజి (మి.లీ.కి 40 యూనిట్ల లెక్కన గీతలున్నది) ఉంటే, గీత చూసి తీసినా మందు రెండున్నర రెట్లు ఎక్కుతుంది. మన మందుల షాపుల్లో రెండు రకాలూ దొరుకుతాయి.

సిరంజి సరైనదే అయితే ఒక రోజంతా షుగర్ చూడండి: ఇంజెక్షన్‌కు ముందు ఒకసారి, తర్వాత 12 గంటల పాటు రెండు గంటలకోసారి. చెవిని గోరువెచ్చని గుడ్డతో కాపి, అంచు నరం పక్కన గుచ్చితే చిన్న బొట్టు వస్తుంది. వెంటనే దూదితో నొక్కి పట్టుకోండి, లేకపోతే కమిలిపోతుంది. మనుషుల గ్లూకోమీటర్ పిల్లికి సాధారణంగా అసలుకన్నా తక్కువ చూపిస్తుంది.

ముఖ్యం ఆ రోజు కనిష్ఠం. 80–150 మధ్య ఉంటే మంచిదే. అంతకన్నా దిగితే, పొద్దున అంకె ఎంత ఎక్కువున్నా, డోసు తగ్గించే సంగతే డాక్టర్‌తో మాట్లాడాలి. మార్పు అర యూనిట్ చొప్పున, వారానికోసారి చాలు.

పాలన్నం, పెరుగన్నం మాన్పించి మాంసం ఎక్కువున్న తడి ఆహారం పెడితే ఇన్సులిన్ అవసరం కొద్ది రోజుల్లోనే పడిపోవచ్చు. అందుకే తిండి మార్చే ముందే డాక్టర్‌కు చెప్పండి. ఎంత చేసినా షుగర్ దిగకపోతే పళ్లు, మూత్రం పరీక్ష చేయించండి, స్టెరాయిడ్ మందులేమైనా పడుతున్నాయేమో చూడండి.

షుగర్ మరీ పడిపోయి పిల్లి తూలినా, వణికినా చిగుళ్లకు తేనె రాసి ఆసుపత్రికి పరుగెత్తండి. ఫిట్స్‌లో ఉంటే నోట్లో ఏదీ పోయకండి, వేలు పెట్టకండి. తిండి మానేసి వాంతులు చేసుకుంటుంటే తెల్లారేదాకా ఆగొద్దు.