కారును కడుపులో పెట్టుకుని తిరిగే డీసీఎం లారీ: క్యాంపర్ కట్టుకునే పద్ధతి

పెద్ద బండిలో ఇల్లు కట్టుకోవడం పెద్ద కష్టమేం కాదు. మంచం, పొయ్యి, నీళ్ల ట్యాంకు, నాలుగు లైట్లు ఏ మేస్త్రీ అయినా చేసిపెడతాడు. ఆ ఇల్లు వేసుకుని ఉమామహేశ్వరం గుట్ట ఎక్కాలన్నా, సోమశిల ఊళ్లోంచి కృష్ణ ఒడ్డుకు దిగాలన్నా, ఆలంపూర్ సందుల్లో బండి తిప్పుకోవాలన్నా అప్పుడు తెలుస్తుంది అసలు సంగతి. బండిని విశాలంగా ఉన్నచోట ఆపేసి లోపల్నుంచి చిన్న కారు దించుకుని పోతే ఈ పరేషాన్ ఉండదు. కారును వెనకాల కట్టి లాక్కెళ్లొచ్చు కదా అని కొందరు అడుగుతారు. మన దగ్గర అది నడవదు, చెడిపోయిన బండిని గ్యారేజీ దాకా లాగడం లాంటి పనులకే రోడ్డు నియమాలు ఒప్పుకుంటాయి. కాబట్టి కారు లోపలికే రావాలి. ఇక లెక్కంతా కారుదే, మిగిలిన జాగాలో ఇల్లు సర్దుకుంటుంది.

ముందు కారు, తర్వాత బండి

చాలామంది ఉల్టా చేస్తారు. సెకండ్ హ్యాండ్‌లో డీసీఎం ఏదో చవగ్గా దొరికిందని కొనేసి, తర్వాత అందులో ఏ కారు పడుతుందా అని టేపు పట్టుకుని తిరుగుతారు. ముందు కారు తేల్చుకోండి. చివర్లో వచ్చిన ఆల్టో 800 పొడవు 3,445 మిల్లీమీటర్లు, అంటే 11 అడుగుల నాలుగంగుళాలు అనుకోండి, ఎత్తు 1,475, వెడల్పు సుమారు ఐదడుగులు. మొదట్లో వచ్చిన నానో పొడవు 3,099 మాత్రమే, పది అడుగుల చిల్లర, కానీ ఎత్తు 1,652, అంటే పైన మంచం వేసుకునే జాగా తగ్గుతుంది. కారు ముందూ వెనకా కలిపి ఒక అడుగన్నా ఖాళీ వదలాలి, లేకపోతే కారును బిగించే బెల్టులు కట్టడానికి చెయ్యి దూరదు.

ఇప్పుడు 17 అడుగుల బాడీ తీసుకుంటే ఆల్టో పోగా మనుషులకు ఐదడుగులు కూడా దక్కదు, నానో అయితే ఆరడుగుల దాకా మిగులుతుంది. 20 అడుగులదైతే ఆల్టో పెట్టినా ఏడున్నర అడుగుల గది వస్తుంది, ఇద్దరికి చాలు. నా ఓటు 20 అడుగుల కంటైనర్ బాడీకే. తలుపులు పూర్తిగా తెరుచుకుంటాయి, నేల చదునుగా ఉంటుంది, గోడలు నిటారుగా ఉంటాయి.

బస్సు మీద మోజు ఉన్నవాళ్లకు ఒక మాట. ఆర్టీసీ వేలంలో పాత బస్సు కొనుక్కుందాం అనే ఆలోచన వదిలేయండి, ప్రభుత్వ, ఆర్టీసీ బండ్లు 15 ఏళ్లు దాటితే రిజిస్ట్రేషన్ ఉండదని 2023 ఏప్రిల్ 1 నుంచి నియమం వచ్చింది, అవి తుక్కుకే పోతాయి. ప్రైవేటు బస్సు దొరికినా కారు దూరాలంటే వెనక గోడ మొత్తం కోసేయాలి, ఆ గోడే బాడీని పట్టి ఉంచేది. కోసినచోట మళ్లీ బలమైన ఫ్రేము కట్టకపోతే గుంతల రోడ్డు మీద బస్సు మెలి తిరిగి అద్దాలు పగులుతాయి.

కట్టర్ కంటే ముందు కాగితం

మోటారు వాహనాల చట్టంలో 52వ సెక్షన్ ఉంది. ఆర్సీలో రాసి ఉన్న తయారీదారు వివరాలకు తేడా వచ్చే మార్పు చేయకూడదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా గట్టిగా చెప్పింది. అంటే గూడ్స్ ఆర్సీ పెట్టుకుని వెనకాల మంచాలేసి మనుషుల్ని పడుకోబెట్టి తీసుకెళ్తే, పోలీసుల సంగతి తర్వాత, యాక్సిడెంటు అయినరోజు ఇన్సూరెన్సు వాళ్లు చేతులెత్తేస్తారు. ఇలా ఇల్లులా కట్టిన బండ్లకు, అంటే మోటార్ కారవాన్‌లకు, ఏఐఎస్-124 అని వేరే ప్రమాణం ఉంది. సొంతానికి వాడుకునే క్యాంపర్ వ్యాన్‌ను నాన్ ట్రాన్స్‌పోర్ట్, అంటే కిరాయికి తిప్పని బండ్ల జాబితాలోనే పెట్టారు. కాబట్టి డ్రాయింగు గీయించుకుని, కొలతలు, బరువులు రాసుకుని, నల్లగొండ అయినా మహబూబ్‌నగర్ అయినా మీ ఆర్టీవో ఆఫీసులో ముందే అడగండి, కారవాన్‌లకు అనుమతి ఉన్న బాడీ బిల్డర్ దగ్గరే పని చేయించండి. ఒక బ్రోకర్ వచ్చి "అన్నా, ముందు చేయించుకో, కాగితాలు నేను చూసుకుంటా" అంటే మాత్రం నమ్మకండి.

లైసెన్సు సంగతి కూడా ఇక్కడే చూసుకోవాలి. లైట్ మోటార్ వెహికల్ లైసెన్సుతో మొత్తం బరువు 7,500 కిలోలు దాటని ట్రాన్స్‌పోర్ట్ బండ్లు నడపొచ్చని 2024 నవంబరులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం తేల్చింది. బండిని ఆ లోపలే ఉంచుకుంటే హెవీ లైసెన్సు గొడవ తప్పుతుంది, బండి కొనేటప్పుడే ఆర్సీలో స్థూల బరువు చూడండి.

బరువు ఎక్కడ పడుతుంది

ఈ పనిలో అసలు కిటుకు ఇదే. కారు వెనక నుంచి ఎక్కుతుంది కాబట్టి దాని బరువులో చాలా భాగం వెనక ఇరుసు దాటి తోక మీద పడుతుంది. లెక్క చూడండి: సామానుతో ఆల్టో 750 కిలోలు, దాని బరువు కేంద్రం వెనక ఇరుసుకు 0.8 మీటర్ల వెనక ఉందనుకుందాం, డీసీఎం రెండు ఇరుసుల మధ్య దూరం 4.2 మీటర్లు. 750ని 0.8తో గుణించి 4.2తో భాగిస్తే 143 వస్తుంది. అంటే ముందు చక్రాల మీద నుంచి 143 కిలోలు లేచిపోయినట్టే, వెనక ఇరుసు మీద కారు 750కి తోడు ఆ 143 అదనం. ముందు తేలికైతే స్టీరింగ్ తేలుతుంది, తడి రోడ్డు మీద బ్రేకు వేస్తే ముందు చక్రాలు జారుతాయి.

దీనికి మందు సులువే. ఆల్టో ఇంజన్ ముందుంది కాబట్టి మూతి క్యాబిన్ వైపు పెట్టి ఎక్కించాలి, నానో ఇంజన్ వెనక ఉంది కాబట్టి దాన్ని రివర్స్‌లో ఎక్కించాలి. నీళ్ల ట్యాంకు, బ్యాటరీలు, స్టెప్నీ క్యాబిన్‌కు ఆనుకుని పెట్టాలి. 200 లీటర్ల నీళ్లంటే 200 కిలోలు, అది ఎక్కడుంటే ఆ వైపు బండి మొగ్గుతుంది, అడ్డంగా కూడా మధ్యలోకి వచ్చేలా చూసుకోండి.

పని సగమయ్యాక ఒకసారి, మొత్తం అయ్యాక ఒకసారి కాంటా పెట్టించండి. మిర్యాలగూడలో రైస్ మిల్లులు ఎక్కువ కాబట్టి లారీ కాంటాలకు కొదవ లేదు. ముందు చక్రాలు మాత్రమే ప్లేటు మీదికి వచ్చేలా ఆపి ఒక చీటీ తీసుకోండి, తర్వాత బండి మొత్తం ఎక్కించి ఇంకో చీటీ. రెండోదాంట్లోంచి మొదటిది తీసేస్తే వెనక ఇరుసు మీద ఎంతుందో వస్తుంది. కారు ఎక్కించి, ట్యాంకు నింపి, మనుషులు కూర్చుని తూచాలి, ఖాళీ బండి తూచి సంబరపడితే ఏం లాభం. ఇంకో సంగతి, వెల్డింగ్ వాళ్లలో చాలామంది కిలో లెక్కన డబ్బులు తీసుకుంటారు, అందుకే రెండంగుళాల పైపు చాలినచోట మూడంగుళాల ఛానల్ పెట్టడానికి వాళ్లకేం బాధ ఉండదు. పక్కనే ఉండి చూసుకోండి.

ర్యాంపు

డీసీఎం నేల భూమికి సుమారు ఒక మీటరు ఎత్తులో ఉంటుంది. వెనక తలుపునే ర్యాంపులా కిందికి వాల్చితే చూడ్డానికి బాగుంటుంది, కానీ ఆ తలుపు ఎత్తు 2.2 మీటర్లే కదా, వాలు 27 డిగ్రీలు వస్తుంది, కారు బంపర్ ముందే నేలకు కొట్టుకుంటుంది. నాలుగు మీటర్ల ర్యాంపైతే వాలు 14.5 డిగ్రీలు. ఇక పైకెక్కేచోట కారు పొట్ట అంచుకు తగలకుండా ఉండాలి: ఆల్టో చక్రాల మధ్య 2,360 మిల్లీమీటర్లు, కింద ఖాళీ 160, దాన్నిబట్టి అది తట్టుకునే కోణం 15 డిగ్రీల కాస్త పైన. అంటే నాలుగు మీటర్ల ర్యాంపు బొటాబొటిగా సరిపోతుంది, కారులో బరువు లేకుండా ఎక్కించాలి, అంతకంటే పొట్టి ర్యాంపు వద్దు.

నాలుగు మీటర్ల పట్టాలు ఒక్కొక్కటి రెండు ముక్కలుగా చేయించి, మధ్యలో పిన్ను వేసి, ఆ అతుకు కింద కాలు పెట్టించండి. పట్టా వెడల్పు అడుగు ఉంటే మంచిది, రెండు వైపులా యాంగిల్‌తో అంచు కట్టాలి, పైన చెక్కర్ ప్లేటు. పై కొనకు కొక్కెం పెట్టి బాడీకి తగిలించి పిన్ను వేయాలి. ఊరికే ఆనించి పెడితే కారు చక్రం తోసినప్పుడు పట్టా వెనక్కి జారి కారు గాల్లో వేలాడుతుంది. గట్టు దొరికితే ఇంకా హాయి, తోక గట్టువైపు పెట్టి ఆపితే ఎక్కాల్సిన ఎత్తు సగానికి సగం తగ్గుతుంది.

కారు ముందు చక్రాలు తోక మీదికి రాగానే కమాన్ పట్టీలు నొక్కుకుని డీసీఎం వెనక భాగం కుంగుతుంది, దాంతో ర్యాంపు కోణం మారిపోతుంది. అందుకే ఎక్కించేముందు తోక కింద రెండు వైపులా స్క్రూ జాకీలు దించి బిగించాలి, కింద మట్టి మెత్తగా ఉంటే జాకీకి చెక్క దిమ్మె పెట్టాలి.

నడిపి ఎక్కించాలా, తాడు చుట్టి లాగే వించ్‌తో లాగాలా? లాగండి. ఈ వాలు మీద 750 కిలోల కారుకు కావాల్సిన లాగుడు 200 కిలోల పైన, టన్ను వించ్ పెడితే టెన్షన్ ఉండదు. లాగమనడానికి ఇంకో కారణం తలుపు. బాడీ లోపలి వెడల్పు ఏడడుగులు, కారు ఐదు, మధ్యలో ఆపితే ఒక్కో పక్క అడుగే మిగులుతుంది, నడిపి లోపలికి వెళ్లినవాడు తలుపు తీసుకుని బయటికి రాలేడు, కిటికీలోంచి పాకాలి. కారును ఎడమ గోడకు నాలుగంగుళాల దాకా జరిపి కుడివైపు ఖాళీ ఎక్కువ వచ్చేలా నేల మీద యాంగిల్ పట్టాలు వెల్డ్ చేయించండి, చక్రాలు వాటి మధ్యే నడుస్తాయి. అప్పుడు డ్రైవరు వైపు తలుపు కాస్త తెరుచుకుంటుంది, దించేటప్పుడు అది అవసరం.

కారు లోపలికి వచ్చాక ఫస్ట్ గేర్, హ్యాండ్ బ్రేకు, నాలుగు చక్రాలకు దిమ్మెలు. తర్వాత పిడితో బిగించే ర్యాచెట్ బెల్టులు కారు చక్రాలకు కట్టండి, కారు బాడీకి కాదు. బాడీకి కడితే కారు సస్పెన్షన్ ఊగినప్పుడల్లా బెల్టు వదులై బిగుసుకుని చివరికి కొక్కెం ఊడుతుంది. నేల రేకుకు కాక చాసి అడ్డకమ్మీలకు రింగులు వెల్డ్ చేయించాలి. గట్టిగా బ్రేకు వేస్తే ముందుకు తోసే బలం కారు బరువులో దాదాపు 80 శాతం ఉండొచ్చు, అంటే 600 కిలోలు, బెల్టు లేబుల్ మీద రాసిన సామర్థ్యం ఆ లెక్కతో చూసుకుని కొనండి. బయల్దేరిన పది, ఇరవై కిలోమీటర్లకు ఆపి మళ్లీ బిగించడం తప్పనిసరి.

పెట్రోలు పక్కన పడుకోవడం

పెట్రోలు ఆవిరి, వంటగ్యాసు రెండూ గాలి కన్నా బరువు, నేల మీద పేరుకుంటాయి. కారు గదికి, మనుషుల గదికి మధ్య నిలువు గోడ ఉండాలి, సందులన్నీ మూసేసి, మధ్యలో తలుపు పెడితే దానికి రబ్బరు బీడింగ్. కారు గది నేలకు ఆనుకుని రెండు పక్కలా గాలి జాలీలు, పైన ఇంకో రెండు. సిలిండర్ ఈ గదిలో పెట్టకూడదు, బయటికే తెరుచుకునే డబ్బా చేయించి దాని అడుగున కూడా రంధ్రాలు పెట్టాలి. నన్నడిగితే ఇండక్షన్ స్టవ్ పెట్టుకుని సిలిండర్ మానేయడమే మేలు. కారు ఇంజను లోపల స్టార్ట్ చేసి ఉంచకండి, ఆ పొగ వాసన రాకముందే మనిషిని పడగొడుతుంది. మంటలార్పే ఏబీసీ పౌడర్ సిలిండర్ తలుపు పక్కన, మనుషుల గదికి రెండో దారిగా దూకగలిగేంత కిటికీ.

మంచం ఎక్కడ వేయాలంటే, ఆల్టో బానెట్ మీద. బానెట్ కారు కప్పు కంటే చాలా కిందికి ఉంటుంది కదా, పెట్రోలు ట్యాంకు కారు వెనక వైపు ఉంటుంది, మధ్య గోడను మెట్టులా వంచి 19 మిల్లీమీటర్ల మెరైన్ ప్లైతో మూసేస్తే మనుషుల గది బానెట్ పైదాకా పోతుంది. తల పెట్టుకునే జాగా క్యాబిన్ వైపు ఉంచుకోండి.

ఎండ, నీళ్లు

నల్లగొండ మేలో రేకు బాడీలో పడుకోవడమంటే పెనం మీద పడుకున్నట్టే. కప్పుకు వేడిని ఆపే 50 మిల్లీమీటర్ల పఫ్ షీటు, బయట తెల్ల రంగు, సోలార్ ప్యానెళ్లను కప్పుకు నాలుగంగుళాల పైకి లేపి బిగిస్తే వాటి నీడ కూడా పనికొస్తుంది. 800 వాట్ల ప్యానెళ్లకు మన ఎండలో రోజుకు మూడు యూనిట్లు వస్తుంది. 12 వోల్టుల 200 ఏహెచ్ లిథియం బ్యాటరీలో నిల్వుండేది రెండున్నర యూనిట్లు, టన్ను ఏసీ దాని మీద రెండు మూడు గంటలు నడుస్తుందంతే. వేసవిలో మన పొడి ఎండకు చిన్న డీసీ కూలరే మస్తు, వానాకాలం ఫ్యాను చాలు.

మునుగోడు, మర్రిగూడ వైపు దారిలో కనపడ్డ బోరు దగ్గర తాగే ట్యాంకు నింపకండి. ఆ భూగర్భ జలాల్లో ఫ్లోరైడ్ ఉంది, కాస్తే పోయేది కాదు, ఇంకా చిక్కబడుతుంది. బోరు నీళ్లు స్నానానికి, గిన్నెలకు. తాగడానికి వేరే 20 లీటర్ల క్యాన్లు పెట్టుకోండి.

మొదటిసారి లోడుతో నల్లగొండ నుంచి సాగర్ వైపు పొండి, ఘాట్ వద్దు. బ్రేకులు ఎలా పట్టుకుంటున్నాయో, బెల్టులు ఎంత వదులవుతున్నాయో తెలిశాకే శ్రీశైలం రోడ్డు. అక్కడ మన్ననూరు చెక్‌పోస్టు దగ్గర రాత్రి 9 నుంచి పొద్దున 6 దాకా బండ్లు వదలరు, అచ్చంపేట వైపే ఆగి పడుకోండి. పొద్దున గేటు తీశాక ఈగలపెంట దాటి దిగేటప్పుడు ఎక్కడానికి ఏ గేరు వాడతారో దిగడానికీ అదే గేరు, బ్రేకు మీద కాలు పెట్టి కూర్చోకండి.