లినక్స్ నేర్చుకుందాం – 5వ భాగం: గ్రూపులో చేర్చినా ‘పర్మిషన్ డినైడ్’ అంటుంటే

పోయిన భాగంలో ఫైళ్ల, ఫోల్డర్ల అనుమతులు చూపే ఆర్ (చదవడం), డబ్ల్యూ (మార్చడం), ఎక్స్ (నడపడం, ఫోల్డర్‌కైతే లోపలికి వెళ్లడం) అక్షరాలు చదవడం, వాటి విలువలు 4, 2, 1 కూడుకోవడం నేర్చుకున్నాం. ఆ లెక్క అంతా సరిగ్గా ఉన్నా ఫోల్డర్ తెరుచుకోని సందర్భం ఈసారి చూద్దాం.

ఇంట్లో ఒకటే కంప్యూటర్, అందులో ఉబుంటు అనే లినక్స్. అక్కకో ఖాతా, తమ్ముడికో ఖాతా. అక్క తన హోమ్ ఫోల్డర్‌లో ‘ఫొటోలు’ అని ఒక ఫోల్డర్ పెట్టింది. దాన్ని ‘ఇల్లు’ అనే గ్రూపుకి ఇచ్చి, 770 (ఓనర్‌కి, గ్రూపుకి అన్ని అనుమతులూ, మిగతావాళ్లకి ఏమీ లేవు) పెట్టి, తమ్ముణ్ణి ఆ గ్రూపులో చేర్చింది. తమ్ముడు తెరవబోతే పర్మిషన్ డినైడ్.

ఇక్కడే చాలామంది విసుగొచ్చి ఫొటోల ఫోల్డర్‌కి 777, అంటే అందరికీ అన్ని అనుమతులూ, కొట్టేస్తారు. దయచేసి ఆ అలవాటు చేసుకోకండి. పైగా ఈ కేసులో దానివల్ల పని కూడా జరగదు.

ముందు తమ్ముడి టెర్మినల్‌లో ఉత్త ‘ఐడీ’ అని కొట్టండి. తర్వాత ‘ఐడీ’ పక్కన తమ్ముడి ఖాతా పేరు కూడా ఇచ్చి కొట్టండి. రెండూ ఒకటే అనిపిస్తాయి గానీ కావు. పేరు ఇస్తే సిస్టమ్‌లో రాసి ఉన్న గ్రూపుల జాబితా చూసి చెబుతుంది. పేరు ఇవ్వకపోతే ఇప్పుడు నడుస్తున్న సెషన్‌కి ఏ గ్రూపులు ఉన్నాయో చెబుతుంది. ఆ గ్రూపులు లాగిన్ అయిన క్షణంలో అందినవే, తర్వాత చేర్చినవి వాటంతట అవి రావు. ‘ఇల్లు’ ఒకదాంట్లో ఉండి ఇంకోదాంట్లో లేకపోతే లాగౌట్ అయి మళ్లీ లాగిన్ అవ్వండి. అప్పటికీ రాకపోతే రీబూట్ చేయండి.

గ్రూపులో చేర్చేటప్పుడు ‘యూజర్‌మాడ్ -ఏజీ’ అనే వాడాలి, జీ పెద్దక్షరం. ఒకసారి నేను ఆ చిన్న ఏ మరిచిపోయాను. పాత గ్రూపులన్నీ పోయి కొత్తది ఒక్కటే మిగిలింది. పోయినవాటిలో అడ్మిన్ అధికారాలిచ్చే సుడో గ్రూపు కూడా ఉంది. రికవరీ మోడ్‌లోకి వెళ్లి దాన్ని వెనక్కి తెచ్చుకునేదాకా చాలా టెన్షన్ పడ్డాను.

గ్రూపు సరిగ్గానే ఉందనుకుందాం. ఇక దారి చూడాలి. ఫోల్డర్ చేరాలంటే దానికి పైనున్న ప్రతి ఫోల్డర్‌లోనూ మనకి ఎక్స్ ఉండాలి. ఒక్కచోట లేకపోయినా అక్కడే ఆగిపోతాం. దీనికి ‘నేమ్‌ఐ -ఎల్’ పక్కన ఫొటోల ఫోల్డర్ పూర్తి దారి ఇవ్వండి. దారిలోని ఒక్కో మెట్టునీ ఒక్కో వరుసలో, ఓనర్‌తో, గ్రూపుతో సహా చూపిస్తుంది. మన కేసులో అన్నిటికంటే పైనున్న రూట్ ఫోల్డర్, దాని కిందున్న హోమ్ ఫోల్డర్ బాగానే ఉంటాయి. అక్క హోమ్ ఫోల్డర్ దగ్గర చూడండి: ఓనర్‌కి ఆర్‌డబ్ల్యూఎక్స్, గ్రూపుకి ఆర్, ఎక్స్, మిగతావాళ్లకి మూడు గీతలు. అంటే 750. గ్రూపు కూడా అక్క సొంత గ్రూపే, ‘ఇల్లు’ కాదు. ఉబుంటు 21.04 నుంచి కొత్త హోమ్ ఫోల్డర్లు ఇలాగే తయారవుతున్నాయి. తమ్ముడు గుమ్మం దగ్గరే ఆగిపోయాడు కాబట్టి లోపలి గదికి 777 పెట్టినా లాభం లేదు.

హోమ్ గుమ్మం అందరికీ తెరవడం కంటే ఫొటోలని బయటికి, ‘ఎస్‌ఆర్‌వీ’ ఫోల్డర్ కిందికి మార్చడమే మంచిదని నా అభిప్రాయం. మార్చాక ‘సీహెచ్‌జీఆర్‌పీ -ఆర్’తో, ఆర్ పెద్దక్షరం, లోపలివన్నీ ‘ఇల్లు’ గ్రూపుకి ఇవ్వండి. ఆపైన ఫోల్డర్‌కి 2770 పెట్టండి. ముందున్న ఆ 2 వల్ల ఇకమీదట అందులో ఎవరు కొత్త ఫైలు పెట్టినా అది ‘ఇల్లు’ గ్రూపుకే చెందుతుంది.

అయితే తమ్ముడు పెట్టిన ఫొటోని అక్క మార్చగలదా? అది కొత్త ఫైళ్లకి మొదట ఏ అనుమతులు ఉండాలో నిర్ణయించే యూమాస్క్‌ని బట్టి ఉంటుంది, వచ్చే భాగంలో చూద్దాం. ఈలోగా మీ హోమ్ ఫోల్డర్ మీద ‘నేమ్‌ఐ -ఎల్’ నడిపి, వచ్చిన వరుసలు నోట్‌బుక్‌లో రాసుకోండి. వాటితోనే మొదలుపెడదాం.