హైబ్రిడ్ మీటింగ్‌లో దూరాన ఉన్నవారి మాట ముందు

కొందరు ఆఫీసు గదిలో, కొందరు ఇంట్లో ఉండి జరిపే మీటింగ్‌లో దూరాన ఉన్నవారికి నోరు తెరిచే సందే దొరకదు. గదిలోనివారు కూడా ఎవరి ల్యాప్‌టాప్‌లో వారు చేరి, కెమెరా ఆన్ చేసి, తమ మైకునూ స్పీకరునూ ఆపేసి, గది మొత్తానికి ఒకే మైకు, ఒకే స్పీకరు వాడితే అందరి ముఖాలూ తెరపై సమానంగా కనిపిస్తాయి. ప్రతి అంశంపైనా ముందుగా దూరాన ఉన్నవారిని పేరు పెట్టి అడిగి, 5 సెకన్లు ఆగిన తర్వాతే గదిలోనివారు మాట్లాడాలి. ఆ మౌనం మొదట్లో ఇబ్బందిగా తోచినా, మాట కాస్త ఆలస్యంగా చేరేవారికి ఆ వ్యవధి ఎంతో అవసరం. అయితే గదిలో రెండో మైకు ఒక్కటి తెరిచి ఉన్నా ప్రతిధ్వని మొదలవుతుంది. వైఫై బలహీనంగా ఉన్నచోట ఇన్ని కెమెరాలు నడవవు కనుక, వాటిని ఆపి వంతుల పద్ధతిని మాత్రం కొనసాగించాలి.